చెవి వంగిన కుందేలు

చిరంజీవి పిచ్చుకకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ ఇద్దరం క్షేమం. మీ అమ్మ నిజంగానే బాగుంది. నేనూ బాగున్నానని రాయమంది కాబట్టి రాస్తున్నాను. నువ్వు వేళకి తిని, వేళకి పడుకుంటున్నావని నమ్ముతున్నాం. పొద్దున్న ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు లేచాను. ఒకసారి సబ్బులు ఎండాయో లేదో చూడ్డానికి, ఒకసారి వీధి తలుపు వేసి ఉందో లేదో చూడ్డానికి. మూడోసారి ఎందుకు లేచానో నాకే తెలీదు. "కుర్చీలో ముళ్ళున్నాయా?" అంటోంది మీ అమ్మ.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. నా మోకాలు మెట్లెక్కేటప్పుడు అరుస్తుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. మీ అమ్మ కళ్ళజోడు మార్చింది, ఇప్పుడు నా గడ్డంలో తెల్ల వెంట్రుకలన్నీ ఏరి మరీ చూపిస్తోంది. కోత యంత్రం కొనలేదు. సబ్బు దిమ్మని మామయ్య ఇంకా తీగతోనే కోస్తున్నాడు, పెద్దమ్మ చేత్తోనే కాగితాలు చుడుతోంది. ఇక మీ ఆఫీసులో నువ్వు గీసిన బొమ్మని ఏదో పెద్ద కంపెనీ తీసుకుందని, పేరు మాత్రం బయటికి చెప్పకూడదన్నారని రాశావు కదా. ఆ ఉత్తరం మీ అమ్మ పక్కింటావిడకి రెండుసార్లు చదివి వినిపించింది.

సరే, నాన్చకుండా అసలు సంగతికొస్తాను. ఆమధ్య మన సరుకు వేసే పెద్ద దుకాణానికి వెళ్ళాను. అరలో మన సబ్బు ఒకటి పక్కకి ఒరిగినట్టుంటే సరిచేద్దామని చెయ్యి పెట్టాను. మెత్తగా తగిలింది. తీసి చూస్తే బట్టలుతికే పొడి పొట్లం. దాని మీద మన సబ్బు కాగితం మీదుండే కుందేలు! ఒక చెవి నిటారుగా, ఒక చెవి ముందుకి వంగి. దుకాణదారు నిష్ఠూరంగా, "పొడి కూడా మొదలెట్టారా? మాకొక మాటైనా చెప్పలేదే" అన్నాడు.

అటునుంచటే వకీలు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ వెతికి చూసి, ఆ కంపెనీ ఆ బొమ్మని ట్రేడ్ మార్కుగా రిజిస్టరు చేయమని దరఖాస్తు పెట్టిందని చెప్పారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోమని అధికారులు దాన్ని ప్రకటించారట. ఆ గడువు ముగిసిపోవచ్చింది.

"మనం నోరు మూసుకుని కూర్చుంటే?" అన్నాను.

"బొమ్మ వాళ్ళదవుతుంది. మీ కుందేలుని మీరు వాడకూడదని మీకే నోటీసు ఇస్తారు."

"మా సబ్బు రిజిస్టరయిందండీ!"

"సబ్బు పేరు అయింది. బొమ్మ చేయించారా?"

చిన్నపిల్ల గీసిన బొమ్మకి కూడా కాగితాలేమిటని అప్పట్లో నవ్వి ఊరుకున్నాం. కానీ మన సబ్బుని పేరుతో అడిగేవాళ్ళెవరు చెప్పు? అందరూ "చెవి సబ్బు ఇవ్వండి" అనేవాళ్ళే. ఆ చెవి పోతే సబ్బే పోతుంది. సబ్బు పోతే మామయ్య, పెద్దమ్మ, మేము, అందరం వీధిలో పడతాం.

రిజిస్టరు కాకపోయినా వాళ్ళకంటే ముందు నుంచీ వాడుతున్నట్టు చూపిస్తే గెలిచే అవకాశం ఉందని వకీలు గారు ధైర్యం చెప్పారు. పాత బిల్లులు, అచ్చువేయించిన కాగితాలు తీసుకున్నారు. మామూలుగా కొనేవాళ్ళు ఒకటి చూసి ఇంకొకటి అనుకునే ప్రమాదం ఉందా అని అడిగారు. "కొనేవాళ్ళ సంగతి తర్వాతండీ, చేసేవాణ్ణి నేనే పొరబడ్డాను" అన్నాను. చివర్లో అడిగారు, ఈ బొమ్మ మొదట గీసింది ఎవరని.

తల్లీ, ఇన్నాళ్ళూ నీకు రాయలేకపోయింది ఇదే. ఆ పొట్లం మీద కుందేలుకి ఒకవైపు మూడు మీసాలు, ఇంకోవైపు రెండు, నువ్వు ఎప్పుడూ గీసేట్టే. నీ చిన్నప్పుడు మన సబ్బుకి కుందేలు గీస్తూ, కాగితంలో చోటు చాలక చెవి వంచేశావు. ఇప్పుడు కావలసినంత చోటున్నా నీ చెయ్యి అలాగే వంచింది. నీ గీత నేను పోల్చుకోలేనా? నువ్వు కావాలని చేయలేదని కూడా నాకు తెలుసు. కుందేలు గీయమంటే నీ చేతికి ఇంకో కుందేలు రాదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. దుకాణంలో దాన్ని చూడగానే నాకు ముందు కోపం రాలేదు. "అబ్బ, చెయ్యి ఎంత తిరిగింది!" అనుకున్నాను. మురిసిపోయాను. మనదానికంటే అదే ముద్దుగా ఉంది. ఇది మన కొంప ముంచుతుందని ఆ తర్వాతే తట్టింది.

నీ పేరు బయటికొస్తే నీ ఉద్యోగానికి ఎసరొస్తుందని, "నేనే గీశానండి" అన్నాను. ఆవిడ కాగితం, పెన్సిలు నా ముందుకి తోశారు. "అవతలి వకీలు ఇదే అడుగుతాడు. గీయండి." గీశాను. చాలాసేపు చూసి, "గాడిదకి జ్వరమొచ్చినట్టుంది" అన్నారు. ప్రమాణం చేసి ఇచ్చే కాగితంలో అబద్ధం రాయనని ఖండితంగా చెప్పి పంపేశారు.

ఇంటికొచ్చి మీ అమ్మతో, "వదిలేద్దాం, పిల్ల ఉద్యోగం ముఖ్యం" అన్నాను. ఆవిడ చేతిలో గిన్నె ఠపీమని కింద పెట్టింది.

"వదిలేస్తే ఆ బొమ్మ పిల్లకేమైనా మిగులుతుందా? రేపు దానంతట అది కుందేలు గీసుకున్నా దాని మీదే విరుచుకుపడతారు. నా కూతురు గీసిందని చెప్పడానికి మీకు నోరు రావట్లేదా?"

నిన్న వెళ్ళి అభ్యంతరం చెప్పే కాగితం మీద సంతకం పెట్టేశాను. మొదట గీసింది నా కూతురని, నీ పూర్తి పేరుతో సహా రాయించాను. ఇది ముందు కంపెనీకి వెళ్తుంది, అక్కణ్ణుంచి మీ ఆఫీసుకొస్తుంది. ఈలోగా నా ఉత్తరం అందుతుందని ఆశ. వాళ్ళంతట వాళ్ళు నిన్ను పిలవకముందే నువ్వే వెళ్ళి మీ మేనేజరుకి చెప్పెయ్. నువ్వు సాక్ష్యం ఇస్తావేమో కనుక్కోమన్నారు వకీలు గారు. అది నీ ఇష్టం, నేను బలవంతపెట్టను.

నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తే, తీయించింది నాన్నే. నన్ను తిట్టుకో. తిట్లన్నీ కాగితం మీద పెట్టి పంపు, చదువుకుంటాను. ఉత్తరం మాత్రం మానకు.

ఇట్లు,
నీ బొమ్మని దక్కించుకోవడానికి
నీ బొమ్మ మీదే ఫిర్యాదు చేసిన
నాన్న