చేతిలో ఒక్క పెట్టె

ఫిబ్రవరి 3, సోమవారం

రేపే మొదటి డ్యూటీ. బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్లు ఊరందరి మూటలకీ లగేజీ టికెట్టు కొట్టాను. రిటైరై ఎనిమిది నెలలైంది. ఊరికే కూర్చోలేక జీతం లేని పని ఒకటి నెత్తికెత్తుకున్నాను. ఒక ఊళ్లో దాత ఇచ్చిన మూలకణాలను ఇంకో ఊళ్లో ఉన్న రోగికి చేర్చడం. చూడ్డానికి రక్తంలాగే ఉంటాయట. చల్లటి పెట్టెలో పెట్టి ఇస్తారు. దాన్ని కార్గోలో వేయకూడదు, స్కానర్లో పెట్టకూడదు, ఎవరి చేతికీ ఇవ్వకూడదు. అందుకే మన సొంత సామాను భుజానికి తగిలించుకునే ఒక్క బ్యాగులో పట్టాలి.

మధ్యాహ్నం ఈ పనులు చూసే కోఆర్డినేటర్ మేడమ్ ఇంటికొచ్చి నా బ్యాగు విప్పించింది. ఒకప్పుడు ఐసీయూ నర్సు. మొహమాటం ఆవిడకి ఇంటా వంటా లేదు. గొడుగు తీసింది. ఫ్లాస్కు తీసింది. దుప్పటి తీసింది. రెండు రోజులకి నాలుగు జతలెందుకండీ, ఒకటి ఒంటి మీద, ఒకటి బ్యాగులో, చాలు అంది. బీపీ మాత్రలు మాత్రం ముట్టుకోలేదు. మా ఆయనకి ఆనందం పట్టలేదు. పెళ్లైన కొత్తలో రెండు రోజుల ప్రయాణానికి ఇస్త్రీపెట్టె మోసుకొచ్చిందండీ ఈవిడ అని చాడీ చెప్పాడు. నిజమే, మోసుకెళ్లాను.

వెళ్తూ మేడమ్ గుమ్మంలో ఆగి చెప్పింది. రోగి ఎముకల్లోని సొంత మూలుగని మందులతో ఇప్పటికే చంపేశారట. ఈ కణాలు అంది కొత్తది పుట్టకపోతే ఇక దారి లేదు. దాత ఒంట్లోంచి తీశాక గడువు నలభై ఎనిమిది గంటలు.

మా ఆయన నవ్వు ఆగిపోయింది.

ఫిబ్రవరి 4, మంగళవారం. సాయంత్రం 5.10

హోటల్ గది. రేపు పొద్దున్నే విమానం. పెట్టె నా ఒళ్లో ఉంది.

దాత ఎవరో నాకు తెలియకూడదు. ఆసుపత్రిలో తెర కింద నుంచి మేజోళ్లు వేసుకున్న రెండు పాదాలు మాత్రం కనిపించాయి. ఎడమ బొటనవేలి దగ్గర చిరుగు. రేపు పనికి వెళ్లొచ్చా అని ఒక్కటే అడిగాడట, నర్సు చెప్పింది.

పెట్టెలో పెట్టే ముందు కణాల సంచి చూపించింది. రెండు దోసిళ్లు ఉంటుందేమో. దానిమ్మ గింజ రంగు. లేబుల్ మీద పేరు లేదు, ఒక నంబరు. నంబర్లు సరిచూసుకోమని నా చేతిలో పెట్టింది. సంచి ఇంకా గోరువెచ్చగా ఉంది. ఒంట్లోంచి అప్పుడే వచ్చిన వెచ్చదనం. నంబరు రెండుసార్లు చదివి సంతకం పెట్టాను.

6.30

బాత్రూమ్‌కి కూడా పెట్టెతోనే వెళ్లాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు. అనుకోనీ.

ఫిబ్రవరి 5, బుధవారం. ఉదయం 7.20

పొగమంచు. విమానం క్యాన్సిల్.

మధ్యాహ్నం 2.45

ఇప్పటికి తీరిక దొరికింది. మొదటి నుంచీ రాయాలి.

ఉదయం కౌంటర్లో అమ్మాయి సాయంత్రం దాకా ఏమీ చెప్పలేనంది. మేడమ్‌కి ఫోన్ చేశాను. అరగంటలో ఏర్పాటు చేసింది. ఎయిర్‌పోర్టు అవతలి కొసన టపా మోసే చిన్న విమానం ఉంది, మంచు కాస్త విడగానే లేస్తుందట. పరుగెత్తాను. పైలట్ నెరిసిన జుట్టు ఆవిడ. నన్ను కాటా ఎక్కించింది. నా బ్యాగు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. మనిషీ పెట్టే అయితే సరే, బ్యాగు కుదరదమ్మా, టపాతోనే నిండిపోయింది అంది.

మాత్రల అట్ట, కళ్లజోడు, పర్సు, కాగితాలు, ఈ డైరీ కోటు జేబుల్లో కుక్కుకున్నాను. అక్కడ నేల తుడుస్తున్న ఆవిడకి బ్యాగు ఇచ్చేశాను. అడ్రస్ చెప్పమంది. లోపల చీటీ ఉంది, బ్యాగు తిరిగి రాకపోయినా ఫర్వాలేదన్నాను. ఆ మాట అన్నది నేనేనా!

పైకి లేచాక మంచు కిందికి వెళ్లిపోయింది. ఎండ. కనుచూపు మేరా తెల్లటి మైదానం, దాని మీద మా విమానం నీడ ఒక్కటే పరుగెడుతోంది. పెట్టె నా మోకాళ్ల మధ్య ఉంది. అందులో ఏముందని పైలట్ అడిగింది. చెప్పాను. మైకు దగ్గరికి లాక్కుని కిందివాళ్లతో ఏదో మాట్లాడింది. కాసేపటికి నా వైపు తిరిగి, ముందు మనల్నే దిగమన్నారమ్మా, అటు చూడండి అంది. కిటికీలోంచి చూస్తే దూరంగా రెండు పెద్ద విమానాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. వాటి నిండా జనం ఉంటారు. రెండు దోసిళ్ల రక్తం కోసం ఆకాశంలో ఆగారు. ఎందుకు ఆగారో వాళ్లకి తెలియదు.

నాకు ఒళ్లు జలదరించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా.

పన్నెండుంబావుకి ఆసుపత్రి ల్యాబ్‌లో పెట్టె అప్పగించాను. అక్కడి పెద్దాయన సంచిని వెలుగుకెత్తి చూసి, బాగుందండీ అన్నాడు. ఒక్క మాట. క్యాంటీన్‌కి వచ్చి కూలబడ్డాను.

ఎదురుగా ఒక ముసలాయన వచ్చి కూర్చున్నారు. టీ చల్లారిపోతోంది, తాగడం లేదు. అడక్కుండానే చెప్పారు. ఇవాళ మా మనవరాలికి రెండో పుట్టినరోజండీ, వయసు పంతొమ్మిది, కొత్త కణాలు ఎక్కించే రోజుని నర్సులు అలాగే అంటున్నారు అన్నారు. ఎవరి బిడ్డో ఇచ్చాడట, ఎవరో మోసుకొచ్చారట, వాళ్ల మొహం కూడా చూడకూడదట, ఇదేం రూలండీ అన్నారు.

రూల్ నాకూ ఉంది, తెచ్చింది నేనేనని చెప్పకూడదు.

మీవాళ్లెవరున్నారమ్మా ఇక్కడ అని అడిగారు. ఎవరూ లేరండీ, దారిలో ఆగానన్నాను. పక్క కుర్చీ వైపు, బల్ల కింద చూశారు. చేతిసంచి కూడా లేకుండా బయల్దేరారా తల్లీ అని నొచ్చుకుని, బిస్కెట్ల పొట్లం చింపి సగం నా వైపు జరిపారు.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. విన్నారు. ఎక్కించడం మొదలైందట అన్నారు. కన్నీళ్లు టీలో పడుతున్నా తుడుచుకోలేదు. నేను బిస్కెట్ తిన్నాను. ఏం చేయాలో తెలియక ఇంకోటి తిన్నాను.

ఫిబ్రవరి 6, గురువారం

ఇంటికెళ్లే రైలు కిటకిటలాడుతోంది. సీటు దొరికినా కూర్చోలేదు. ఎవరి ఒంట్లో ఎవరి రక్తం తిరుగుతోందో అని ఒక్కొక్కరి మొహమే చూస్తూ నిలబడ్డాను.