నాయన పరుపులు కుట్టిన వీధులు

అనంతపురం,
20-2-1966, ఆదివారం.

మహారాజశ్రీ నాయన అల్లాబకాష్ గారి సముఖమునకు, కుమారుడు మాబాషా అనేక సలాములు చేసి విన్నవించుకొనునది. నేను ఇక్కడ సుఖముగా ఉన్నాను. మీ ఆయాసము తగ్గుముఖము పట్టినదనియు, చెల్లెలు మదీనాబీ వేళకు కషాయము కాచి ఇచ్చుచున్నదనియు తెలియజేయ ప్రార్థన.

అయ్యవారు నేర్పిన పద్ధతి ఇంతవరకే, నాయనా. ఇలాగే సాగదీస్తే నువ్వు మదీనాను ఆపి, "వీడు ఎవురికి రాసినాడే ఇది?" అని అడుగుతావు. అందుకని ఇక మామూలుగా రాస్తాను.

పోయిన ఉత్తరంలో నువ్వు రాయించిన మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "నీకు ఒక్క పూట కూడు తప్పిందని తెలిసిందా, విల్లు భుజాన ఏసుకోని ఆడికే వస్తా, నాలుగు పరుపులు ఏకి నీ కడుపు నింపుతా" అని రాయించావు. డాక్టరు ఏమన్నాడో మరిచిపోయావా? మళ్ళీ దూది దుమ్ము పీలిస్తే ఆ రొమ్ము నిలవదని నా ఎదుటే అన్నాడు. దూది ఏకే ఆ విల్లును అటక మీదే ఉండనీ నాయనా. నాకు కూడు తప్పలేదు. ఎక్కడెక్కడ తింటున్నానో వీధి వీధీ చెబుతాను, విను.

కాలేజీలో చేరిన రోజున హాస్టల్లో చోటు లేదన్నారు. "నేను పరుపులు కుట్టిన ఇండ్లుండాయి, పో. వారానికి ఒక్క పూట పెట్టలేరా నా బిడ్డకు?" అని ధైర్యం చెప్పి పంపించావు. నాకు మాత్రం చెడ్డ సిగ్గు వేసింది. ఇంటికొక రోజు చొప్పున ఏడు ఇళ్ళు కుదుర్చుకోవాలంటే, నా తోటివాళ్ళు తెల్ల పంట్లాములేసుకుని తిరిగే వీధుల్లోనే నేను గడప గడపా తొక్కాలి కదా! ఏ ఇల్లని పోను? నువ్వు చెప్పిన గుర్తు ఒక్కటే. గోడల మీద ఎండేసిన పరుపులు చూడు, మూలల్లో ఎర్రదారంతో కుట్టు ఉంటే అది నా చేతిదే అన్నావు. ఎండలో తల ఎత్తుకుని ఊరి గోడలన్నీ చూస్తూ తిరిగాను. పిచ్చి పట్టిందేమోనని ఒక ముసలాయన నన్ను నిలేసి అడిగాడు కూడా.

నా తోటివాళ్ళకు తెలిసిన అనంతపురం కాలేజీ, సినిమా హాలు, గడియారం దగ్గరి కాఫీ హోటలు. అంతే. నీ అనంతపురం సందుల్లో ఉంది.

కాలేజీ వెనక సందులో నూనె వ్యాపారం చేసేవాళ్ళ ఇల్లు నీకు గుర్తుందా? సోమవారం అక్కడే. వరలక్ష్మమ్మ గారు నాకు అరుగు మీదే విస్తరి వేస్తారు. నీళ్ళు ఎత్తి పోస్తారు. తిన్నాక విస్తరి తీసి అరుగు కడిగి రావాలి. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. కానీ నెయ్యి వడ్డించేటప్పుడు ఆ తల్లి చెయ్యి ఏ కులమూ చూడదు. "మీ నాయన ఏకిన పరుపు మీదే నా పిల్లోళ్ళంతా పెరిగినారప్పా, ఈ పొద్దుకీ గడ్డ కట్టలేదు" అన్నారు. ఈ మాట నువ్వు మదీనా చేత మళ్ళీ చదివించుకుంటావని తెలుసు.

రైలుగేటు దాటితే బండ్లు తోలేవాళ్ళ గుడిసెలు. గురువారం కుళ్ళాయప్ప ఇంట్లో తింటాను. మనిషి నోరు మంచిది కాదు, మనసు వెన్న. "ఏమప్పా, మీ కాలేజీలో వాన పడేది యాడన్నా నేర్పతాండారా? లేకుంటే ఆ సదువెందుకు?" అని నన్ను చూసినప్పుడల్లా ఎగతాళి చేస్తాడు.

శుక్రవారం పాతఊళ్ళో మసీదు సందు. అక్కడ షరీఫాబీ అని ఒంటరి మనిషి, బీడీలు చుట్టి బతుకుతుంది. ఆమె నిఖాకు నువ్వే పరుపు కుట్టావట. సంగటి, ఉలవచారు పెడుతుంది. చాలు అంటే వినదు. "సదివే కడుపు, ఇంగో ముద్ద తిను బిడ్డా" అంటుంది. తక్కిన ఇళ్ళ గురించి కూడా రాస్తే మదీనా గొంతు ఎండిపోతుంది, ఇంకోసారి రాస్తాను.

ఒక్క మనవి. గోరంట్ల బస్సులో రాగిపిండి సంచి ఇక పంపించవద్దు. గదిలో ఎలుకలు ఎక్కువైపోయి సంచులు కొరికేస్తున్నాయి. వాన లేక, దూది లేక మీరు అక్కడ అల్లాడుతుంటే, నేను ఇక్కడ నెయ్యి తింటూ మీ పిండి ఎలుకలకు పెట్టడం పాపం. ఆ పిండి మీరే తినండి.

విల్లు ముట్టనని నీ నోట మాట కోరుతూ,
నీ కొడుకు,
మాబాషా.

తా.క. మదీనా, ఇక్కడ ఆగు. కాగితం మడిచి, అయిపోయిందని నాయనకు చెప్పు. ఈ కిందిది పొయ్యి దగ్గర ఒక్కదానివే కూర్చుని చదువు. దీనికోసమే కార్డు మానేసి కవరు కొన్నాను. కార్డయితే పోస్టు జయరామయ్య మన గడప చేరేలోపే ఊరంతటికీ చదివి వినిపిస్తాడు.

వరలక్ష్మమ్మ గారి ఇంటికి రంజాను నెల నుంచే తాళం. అంగడి ఎత్తేసి బళ్ళారి పోయారు. మిగతా ఇళ్ళు ఒక్కొక్కటే తప్పిపోయాయి. నన్ను చూసి తలుపు చాటుకు పోయినవాళ్ళను ఒక్క మాట అనలేను. లేనిది ఎక్కడి నుంచి తెచ్చి పెడతారు? షరీఫాబీ ఒక్కతే నిలబడింది. మొన్న శుక్రవారం నాకు ముద్ద పెట్టి, తాను ముందే తిన్నానంది. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోతూ చూశాను. సంగటి కెలికిన తెడ్డును చెంబులో కడిగి, ఆ నీళ్ళు తాగుతోంది. నేను తిన్నది ఆమె ముద్ద, మదీనా! ఇక ఆ సందులోకి నా కాళ్ళు పోవు.

కుళ్ళాయప్ప ఎద్దులు మేత లేక చచ్చిపోయాయి. "బండి నేను లాగేది కాదు గదప్పా. కణేకల్ దిక్కు కాలువ తవ్వతాండారంట, రేపే పోతాండాం, వస్తే రా" అన్నాడు. వాళ్ళతో పోతున్నాను. మార్చి పరీక్ష పోయినట్టే. సెప్టెంబరులో కూర్చోవచ్చని మా లెక్చరరు చెప్పారు, కూర్చుంటాను. కానీ నిజం చెప్పనా, పుస్తకాలు ట్రంకు పెట్టెలో సర్ది, మళ్ళీ తీసి, మళ్ళీ సర్దాను. పిండి సంచి ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసింది కదా. బస్సు దగ్గర అందుకోవడానికి నేను ఉండను.

కణేకల్ నుంచి ఉత్తరం వేయలేను. నాయనకు అక్షరాలు రావు గానీ, కవరు చేతికి రాగానే ఏ ఊరి ముద్ర అని జయరామయ్యను అడగకుండా వదలడు. కణేకల్ అని విన్నాడంటే విల్లు దించేస్తాడు. ఎవరు ఆపినా ఆగడు.

కాబట్టి ఇకమీదట నేను రాయని ఉత్తరాలు కూడా నువ్వే చదవాలి. నా పాత కవరు ఒకటి కొంగులో పెట్టుకుని నీళ్ళకు పో. జయరామయ్య దోవలో ఇచ్చాడని చెప్పి, విప్పి, నాయన పక్కన కూర్చో. తోచింది చదువు. నన్ను బాగా తిననీ, బాగా చదవనీ. కుళ్ళాయప్ప చేత ఏదో ఒకటి తిట్టించు, నాయన నవ్వుతాడు. నాయనకు దగ్గు తెర వస్తే ఆగి, తగ్గాక మళ్ళీ అందుకో. నీకే ఏడుపు వచ్చి గొంతు ఆగిపోతే మాత్రం, అన్న రాత అర్థం కావడం లేదని నన్ను తిట్టు.