అమలాపురంలో తిన్న మటన్ పై

ఏమండీ,

బాగున్నారా... అని రాసేశాను. అలవాటు. మీరు పోయి ఏడాది దాటింది, ఈ అలవాటు మాత్రం పోలేదు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాకే చిరాకుగా ఉంది. ఎవరి మీద చూపించాలో తెలియక మీకు రాస్తున్నాను.

మొన్న శనివారం కొత్తపేటలో మా చెల్లి ఇంట్లో ప్రార్థనకూటానికి వెళ్ళాం, నేనూ మన ప్రీతీ. తిరిగి మన ఊరు నగరం వస్తూ బస్సు మారడానికి అమలాపురంలో దిగితే, ఎదురుగా కొత్త బేకరీ. అద్దాల వెనక పఫ్‌లు, కేకులు, వాటి పక్కన గుండ్రంగా పైలు, పిండి గిన్నెలో కూర పెట్టి మూసి కాల్చేవి. చికెన్, మటన్, పుట్టగొడుగులు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కువైట్ బేకరీలో ఇన్నేళ్ళూ మీరు చేసింది ఇవే కదా... చివరికి ఆ పనిలోనే కదా గుండె పట్టుకుని కూలబడింది...

మూడు రకాలూ తీసుకున్నాం. చికెన్‌ది తియ్యగా ఉంది. మాంసంలో తీపి ఏమిటండీ? పుట్టగొడుగులదాంట్లో చీజ్ తప్ప ఏమీ తగల్లేదు. మటన్‌ది అంచులు వేడి, మధ్యలో చల్లన. అడుగు పిండి తడిసి చెంచాకి అంటుకుపోయింది. ప్రీతి మాత్రం ఫోటోలు తీసుకుంటూ, బాగుందమ్మా అంటూ నేను వదిలేసినవి కూడా లాగించేసింది. దాని మీదా విసుగే వచ్చింది.

ఫోన్లో ఎన్నిసార్లు చెప్పారు మీరు... "అడుగు పిండే ప్రాణం సుగుణా. కూర చల్లారేకే పెట్టాలి. వేడిది పెట్టేవనుకో, నానిపోద్ది."

కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఆ మాటే చెప్పాను. పైలు ఇలా ఉండవమ్మా అన్నాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. "ఆయ్, చెప్పండి. మంచివి మీరు ఎక్కడ తిన్నారండీ? అలాగే చేయిస్తాను" అంది.

ఎక్కడ తిన్నాను?

మన పెళ్ళయినప్పటి నుంచి వినడమే తప్ప నేను పై తిన్నదెప్పుడు? సెలవుకి వచ్చిన ప్రతిసారీ "ఈసారి ఓవెన్ కొందాం, నా చేత్తో చేసి పెడతాను" అనేవారు. చుట్టాలు, స్లాబు పని, పెళ్ళిళ్ళు... సెలవు అయిపోయేది. ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ చేసి పెట్టారు. నాకు కబుర్లు పెట్టారు. ఒక్కసారి చేస్తే ఏం పోయేది?

అంత చిరాకులోనూ అత్తయ్యగారి కోసం ఒక మటన్ పై కట్టించాను. ఇంటికొచ్చి పెనం మీద వేడి చేసి పెట్టాను. మెత్తబడిన ఆ అడుగు ఆవిడ పళ్ళకి హాయిగా ఉంది కాబోలు, ముక్క మిగల్చకుండా తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ, "మావోడు అక్కడ చేసేవి ఇలాగే ఉండేవా అమ్మా?" అని అడిగారు.

"ఆయ్, ఇలాగేనండీ" అన్నాను.

ఇంకేమనను? మీరైతే ఏమనేవారు?

ఇవాళ పొద్దున్న మళ్ళీ అడిగారు, ఆ మటన్‌ది ఇంకోటి తేవూ అని. శనివారం వెళ్ళి తెస్తాను. విసుక్కుంటూనే తెస్తాను. తెస్తానన్నాక మాత్రం తెస్తానండీ...

మీ
సుగుణ