ఊడని చీటీ, ఊడే చీటీ

ధర్మవరం, 4-3-1963

హిందూపురం చీటీల జిలాన్‌కు పట్టుచీరల అంగడి సుశీలమ్మ ఆశీర్వచనాలు.

మైదా బంక అక్కరలేదు, వేలితో నొక్కితే చాలంటివి. పొద్దున చీరలకు అతికిస్తే మధ్యాన్నానికి మా అంగడి పేరు చీటీలన్నీ నేల మీద ఉండాయి. ఏమి కలిపినావప్పా?

సుశీలమ్మ

తా.క.: ఒక్కటి మాత్రం నిలిచింది, పెనుకొండ పెండ్లివారి పెద్దాయన బట్టతల మీద. మా అంగడి పేరుతోనే రైలెక్కినాడు.

హిందూపురం, 9-3-1963

అక్కకు జిలాన్ సలాములు.

తప్పు నాదే. వట్టి రబ్బరే పూసినా. అది తనకు తానే అతుక్కుంటాది, పరాయిదాన్ని పట్టదు. గుగ్గిలం కలిపితేనే జిగురు. ఈసారి గట్టి గుగ్గిలం రెండింతలు వేసినా.

మీ తమ్ముడు జిలాన్

ధర్మవరం, 20-3-1963

జిలాన్‌కు,

కొత్త చీటీలు ఒక్కటంటే ఒక్కటి ఊడలేదు. నీ చేతులకు దండం పెట్టాలప్పా!

సుశీలమ్మ

హిందూపురం, 24-3-1963

అక్కకు వేయి సలాములు.

మీ కార్డు చదివి కండ్లలో నీళ్ళొచ్చినాయి. గుగ్గిలం ఇంకా పెంచి, ఇంకో వెయ్యి చీటీలు అంపిస్తాండా.

జిలాన్

తా.క.: మీ కార్డు పటం కట్టించి అంగట్లో తగిలించినా.

ధర్మవరం, 1-4-1963

జిలాన్‌కు,

ముందు ఆ పటం దించు! అది పొగడ్త అనుకుంటివా? చీటీ లాగితే జరీ కూడా ఊడొచ్చింది. మా మగ్గం మీద మారక్క నెల దినాలు నేసిన చీర! పాపం, ఆమె అన్నం కూడా ముట్టలేదు. ఇప్పుడంపిన వెయ్యీ పెంకుల మాదిరి పెళుసు, ముట్టుకుంటే పొడి రాలతాండాది. అమ్మేదాకా ఊడకూడదు, అమ్మినాక మరక లేకుండా ఊడాల. ఇంత చిన్న మాట అర్థం కాదా?

సుశీలమ్మ

తా.క.: ఈసారి ఆశీర్వచనాలు లేవు.

హిందూపురం, 15-4-1963

అక్కా,

సలాము చేసే మొగం లేదు. గట్టి గుగ్గిలం ఎక్కువైతే జిగురు మీరిపోయె, ఇంకా ఎక్కువైతే గాజు మాదిరి పెళుసాయె. గుగ్గిలం మాని మెత్తటి బంక ఒకటే వేస్తే జారుతాంది, మరక మిగులుతాంది. ఇప్పుడు రెండూ కలిపి, మా ఇంటామె ఖాజాబీ పట్టుచీర మీద వారం రోజులు పెట్టి చూసినా. బాగుండాది, అవే అంపిస్తాండా. మారక్కను మన్నించమని చెప్పండి.

జిలాన్

తా.క.: ఆ చీర సంగతి ఖాజాబీకి తెలీదు. జవాబు అంగడికే రాయండి.

ధర్మవరం, 2-5-1963

జిలాన్‌కు ఆశీర్వచనాలు.

ఈ చీటీలు నొక్కితే పట్టె, లాగితే పువ్వు తెంపినట్ల వచ్చె, మరక మచ్చుకైనా లేదు. అదే నా కొంప ముంచె! ఎదురంగడి ఓబులేసు, బేరానికొచ్చినట్ల ఆడోళ్ళను అంపించి, మా చీటీలు ఒలిపించుకొని వాని నాసిరకం చీరలకు అతికిస్తాండాడు. నిన్న సోమందేపల్లి నుంచి ముగ్గురొచ్చి, దారాలు లేచిన చీరలు నా ముందర పడేసి నోటికొచ్చినట్ల తిట్టిపోయిరి. అన్నిటి మీదా నా పేరే!

సుశీలమ్మ

తా.క.: చీటీ నా చేతికి ఊడాల, వాని చేతికి ఊడకూడదు. దానికి ఏ గుగ్గిలం కలపాలో వెంటనే రాయి.