మిషన్ కోసం వచ్చిన గంపలు

జగర్గుండా, ఆదివారం

అన్నా, మేమంతా బాగున్నాం, దిగులు పడకు.

కుట్టుమిషన్‌ను జీపెక్కించకు, ఆపు! కొట్టు పెట్టేముందు బేరం నడుస్తుందో లేదో కనుక్కోమన్నావు కదా. పోయిన వారం అంగడిలో కనబడిన ఆడవాళ్లందరినీ అడిగాను, "మిషన్ పెడ్త, వస్తరా?" అని. తప్పకుండా వస్తామన్నారు. నిన్న అంగడికి నిజంగానే వచ్చారు, నెత్తిన వడ్ల గంపలతో! "మిషన్ ఏదక్కా? వడ్లు పట్టియ్యవా?" అంది మా పక్కింటి సన్నే. ఒక్కరి చేతిలోనూ జాకెట్ గుడ్డ లేదు, దంచి దంచి కాసిన కాయలే ఉన్నాయి. నీ బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

వడ్లు పట్టే చిన్న మిషన్ చర్లలో దొరుకుతుందేమో చూడు. కుట్టుమిషన్ వదిన దగ్గరే ఉండనీ. ఆమె నడుంనొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? వచ్చేటప్పుడు మామిడికాయ తొక్కు తేవడం మరవకు. అమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు.

ఆలస్యం మాత్రం చేయకు. పొరపాటైందని ఎంత చెప్పినా వాళ్లు గంపలు తిరిగి మోసుకుపోలేదు. "మిషన్ వచ్చినంకనే పట్టియ్యక్కా" అని మా ఇంట్లోనే దించిపోయారు. ఈ కార్డు కూడా ఒక గంప మీద పెట్టుకునే రాస్తున్నాను.

నీ చెల్లెలు
రేణుక