చక్రాలవాడి కాగితం

మార్చి 11, సాయంత్రం 4

వీణ్ణి వదలను.

నెలాఖరుకి రెండు వందల వీల్‌చైర్లు ఆసుపత్రికి ఇవ్వాలి. వెల్డింగ్ అయిన ఫ్రేములు గోడవారన నిలబడి ఉన్నాయి. చక్రాల్లేవు. రేటు, తేదీ జనవరిలోనే రాసుకుని సంతకాలు చేసుకున్నాం. ఇవాళ చక్రాలవాడు లారీని గేటు బయటే ఆపించి, తను మాత్రం లోపలికొచ్చి, కొత్త కాగితం నా బల్ల మీద పెట్టాడు. ఐదేళ్లపాటు చక్రాలన్నీ తన దగ్గరే కొనాలట. రేటు ఎప్పటికప్పుడు తనిష్టమట. సంతకం పెడితే లారీ లోపలికి, లేకపోతే వెనక్కి అన్నాడు. నిదానంగా ఆలోచించుకోమ్మా, ఇంజన్ మాత్రం ఆపించను అని కూడా అన్నాడు. నా కుర్చీలో కూర్చుని, నా టీ తాగుతూ.

ఇంకోచోట చేయించాలంటే రెండు నెలలు పడుతుంది. ఈ ఆర్డర్ పోతే వర్క్‌షాప్‌కి తాళమే. పెట్టాను సంతకం. నోరు మెదపలేదు. మెదిపితే ఏడుపొచ్చేది. వాడి ముందు ఏడవడం కంటే చావు నయం.

సంతకం పెట్టాను గానీ ఒప్పుకోలేదు. ఇక్కడ రాసి పెడుతున్నాను.

మార్చి 12

వాడి కారు టైర్లు పంక్చరవ్వాలి. నాలుగూ. స్టెప్నీ కూడా.

మార్చి 15

ఇంటి దగ్గర సీట్లు కుట్టిచ్చే అక్క అడ్డం తిరిగింది. ఎవరో ఎక్కువిస్తామన్నారట, ఈ నెల మనకి సగమే కుట్టగలనంది. అసలే తల కాలిపోతోంది. ఆ కుట్టుమిషన్ నాది, సాయంత్రానికి ఆటో పంపి తెప్పించుకుంటానన్నాను. వద్దనుకుంటే మూడేళ్లు నాకే కుడతానని రాసిమ్మన్నాను. చెయ్యి చీరకి తుడుచుకుని సంతకం పెట్టింది. కిక్కురుమనలేదు. మౌనం అర్ధాంగీకారం. హమ్మయ్య, ఒక పని అయింది.

మార్చి 30

రెండు వందలూ వెళ్లిపోయాయి. ఇప్పుడు చూపిస్తా వాడికి.

మార్చి 31

లాయర్ మా పెద్దమ్మ కొడుకే. చిన్నప్పుడు నా పెన్సిళ్లు కొట్టేసిన అన్నయ్య. వేరే దారి లేకుండా చేసి పెట్టించుకున్న సంతకం కోర్టులో నిలబడకపోవచ్చు అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. నోటీసు మరీ మర్యాదగా రాశాడు. మూడుచోట్ల కారం పెంచించాను.

ఏప్రిల్ 14

వాడి జవాబు వచ్చింది. ఆవిడ కిక్కురుమనలేదు, టీ కూడా ఇచ్చింది, మౌనం అర్ధాంగీకారం అని రాయించాడు. పళ్లు నూరుకుంటూ రెండుసార్లు చదివాను. ఈ మాట ఎక్కడో చూసినట్టుందే.

ఏప్రిల్ 15

ఆ రోజు జరిగింది ఎక్కడైనా రాసుకున్నావా అని అన్నయ్య అడిగాడు. డైరీ ఉందన్నాను. ఎగిరి గంతేశాడు. అయితే ఒక్క పేజీ ఇస్తే సరిపోదట, అవతలివాళ్లు మొత్తం అడిగి అక్షరం వదలకుండా చదువుతారట.

ఇంటికొచ్చి మొదటినుంచీ చదివాను. మార్చి 15 దగ్గర ఆగిపోయాను. చక్రాలవాడి లారీ, నా ఆటో. పెద్ద తేడా ఏం లేదు.

చింపేద్దామనుకున్నాను. అదే కాగితానికి ముందువైపు మార్చి 11 ఉంది. పోతే రెండూ పోతాయి.

ఏప్రిల్ 16, ఉదయం 7

అక్క ఇంటికి వెళ్తున్నాను. ఆవిడ ముందే ఆ మూడేళ్ల కాగితం చింపేస్తాను. మంచితనమేం కాదు, వాడి లాయర్ చేతికి నా జుట్టు దొరక్కూడదు. కానీ ఆవిడ చెయ్యి తుడుచుకోవడం మాత్రం కళ్ల ముందునుంచి పోవడం లేదు.

ఏప్రిల్ 16, 9 గంటలకి

చింపాను. ఆవిడ ముక్కలన్నీ ఏరి కవర్లో వేసి దాచుకుంది. తర్వాత మిషన్ సొరుగులోంచి కొలతలు రాసుకునే నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది. మార్చి 15. నేనన్న మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పొల్లుపోలేదు. కింద ఒకటే లైను.

దీన్ని వదలను.