ఒర్రె వెడల్పు ఎంత?

ఆర్మూర్,
12 ఏప్రిల్ 1998.

ప్రియమైన మీకు నీలవ్వ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను, అత్తమ్మ, మమత బాగున్నాం. బాగున్నాం అంటే ఎండకు ఉడుకుతూ బాగున్నాం. పగలంతా కాగిన గుట్ట రాళ్ళు పొద్దు గూకినాక కూడా సెగ వదులుతూనే ఉంటాయి. అత్తమ్మ తడి గోనెసంచి పరుచుకుని దాని మీదే ఒరుగుతున్నది.

వార్డు మెంబరుగా గెలిచినందుకు నాకు మంచి శిక్షే పడింది. మండల ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. మండే ఎండలకు, వానకాలం వరదలకు ఊరు ముందుగా ఎట్లా సిద్ధం కావాలో ప్రజలను అడిగి పదమూడు గడులు నింపాలట. పదో తరగతి పాసైన ఆడమెంబరు నేనొక్కదాన్నే కదా, ఆ కట్ట తెచ్చి నా నెత్తిన పెట్టారు.

ఇల్లిల్లూ తిరిగాను. మన పక్కింటి మేస్త్రి దేవన్న ఏమన్నాడో తెలుసా? "ఎండకు మనమేం జేస్తం చెల్లే? సూర్యునికి అర్జీ పెడ్దమా?" అన్నాడు. గుట్ట నీళ్ళు పారే ఒర్రె ఒడ్డున ఒంటరిగా ఉండే భీమవ్వను అడిగితే "గవన్నీ తర్వాత గాని, ముందుగాల్ల నా పింఛను రాయి బిడ్డా" అన్నది. సాయంత్రం లెక్క చూసుకుంటే తొమ్మిది పింఛన్లు, నాలుగు వీధి దీపాలు, ఒక పెళ్ళి సంబంధం. ఇందులో ఎండ ఏ గడిలో రాయాలి, వాన ఏ గడిలో రాయాలి? ఒళ్ళు మండి ఫారం తీసుకుపోయి బియ్యం డబ్బాలో పడేశాను.

మీరున్న చోట ఇంతకన్నా ఎండలు కదా. అక్కడ ఏం చేస్తారో రాయండి. పెర్కిట్ రోడ్డు మీద మీ తమ్ముడు ఎంకటి కట్టిస్తున్న మన మడిగెలు, రెండు దుకాణం గదులూ స్లాబు దాకా వచ్చాయి. రోజూ మీ దుకాణం మాటే చెబుతుంటాడు.

మీ
నీలవ్వ


షార్జా,
1 మే 1998, శుక్రవారం.

ప్రియమైన నీలకు గంగాధర్ ఆశీస్సులతో,

నీ ఉత్తరం మా గది వాళ్ళందరికీ చదివి వినిపించాను. పెళ్ళి సంబంధం దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం నీ మీదే కోపం వచ్చింది. "ఏం కావాలి" అని అడిగితే పింఛను అనక ఇంకేమంటారు? "ఏం జరిగింది" అని అడుగు. పోయిన వానకాలం నీళ్ళు ఎవరి గడప దాకా వచ్చాయి? ఎండదెబ్బకు ఎవరు పడ్డారు, ఏ వేళకు పడ్డారు? అట్లా అడిగితే వాళ్ళే చెబుతారు.

ఎండకు ఇక్కడ ఏం చేస్తారని అడిగావు. ఏమీ చేయరు. పడిపోయినవాణ్ణి నీడకు ఈడుస్తారు, ఇంకొకణ్ణి పిలుస్తారు. నేర్చుకోవాల్సింది అది కాదు.

నీళ్ళ సంగతి నాకు తెలుసు. పదకొండేళ్ళుగా ఈ ఇసుకలో పైపులు పరుస్తున్నాను. నీళ్ళకు ఎవరి అభిప్రాయాలూ అక్కర్లేదు నీలా, దారి ఉంటే చాలు. గుట్ట కింద నుంచి పెర్కిట్ రోడ్డు కల్వర్టు దాకా మన ఒర్రె ఎక్కడెక్కడ ఎంత వెడల్పు ఉందో టేపుతో కొలిచి రాయి. చిన్నప్పుడు అందులో ఈత కొట్టినవాణ్ణి. ఎక్కడ సన్నబడితే అక్కడే జబ్బు.

మడిగెలకు షట్టర్లు పెట్టించమని ఎంకటికి చెప్పు. ఆకుపచ్చ రంగు వేయించాలి. ఒకదాంట్లో పైపులు, నల్లాల సామాను పెట్టుకుందాం, రెండోది కిరాయికి ఇద్దాం. ఇంకొక్క ఏడాది. ఫోటో తీయించి పంపు.

నీ
గంగాధర్


ఆర్మూర్,
24 మే 1998.

ప్రియమైన మీకు,

మీరు చెప్పినట్టే అడిగాను. నిజమే, ఈసారి నోరు మూయించడమే కష్టమైంది.

మొన్న అభిప్రాయాల మీటింగు పెట్టారు. ఎక్కడో తెలుసా? పసుపు యార్డులో, రేకుల షెడ్డు కింద, పగలు పన్నెండు గంటలకు! ఎండల నుంచి ఎట్లా కాపాడుకోవాలో మాట్లాడటానికి. ఆఫీసు నుంచి వచ్చిన సారు ముందు మాత్రం టేబులు ఫ్యాను పెట్టారు. నాతో పాటు అక్కడ పసుపు కొమ్ములు ఏరే భాగ్యవ్వ లేచి "సారూ, పొద్దు పొడవంగనే పనిల దిగుతం, పదకొండుకు ఇడువుండ్రి, మళ్ళ నాలుగింటికి వస్తం. నడుమల నీడకు కూసుంటం" అని చెబుతూ చెబుతూనే కళ్ళు తిరిగి పసుపు కుప్ప మీద పడిపోయింది. నేనూ ఇంకో ఇద్దరూ ఆ ఫ్యాను ఎత్తుకొచ్చి ఆమె మొహానికి పెట్టాం. సారు చెమటలు తుడుచుకుంటూ కాగితం మీద ఏం రాసుకున్నాడో తర్వాత చూశాను. "ప్రజలు చలివేంద్రం కోరుచున్నారు." అంతే!

చలివేంద్రం వచ్చింది లెండి. నాలుగు కుండలు, ఒక పెద్ద బ్యానరు. నీళ్ళు పోసేవాళ్ళు లేరు. అడిగితే "కుండల వరకే మంజూరైంది" అన్నారు.

ఇక ఆగలేదు. మర్నాడు పదకొండు కొట్టగానే ముప్ఫై మందిమి చాటలు బోర్లించి వేపచెట్టు కిందికి పోయి కూర్చున్నాం. షావుకారు కాశీరాం వచ్చి "గిట్లైతే మాల్ ఎప్పుడు లేస్తదమ్మా?" అని మొత్తుకున్నాడు. "పొద్దుగాల్ల లేస్తది, నువ్వు గూడ జర పొద్దుగాల్ల లే సేటూ" అన్నది భాగ్యవ్వ. మూడు రోజులకు దారికొచ్చాడు. ఇప్పుడు పదకొండు నుంచి నాలుగు దాకా పని లేదు. ఏ గడిలోనూ రాయకుండానే అయింది ఆ పని.

ఒర్రె కూడా కొలిచాను. మమత టేపు పట్టుకుంది. గుట్ట కింద నలభై అడుగులు. బడి వెనక ఇరవై ఆరు. భీమవ్వ ఇంటి దగ్గర పద్దెనిమిది. కల్వర్టు దగ్గర ఇంకా కొలవలేదు, ముళ్ళకంప ఉంది.

ఎంకటి పని మీద తిరుగుతున్నాడు. ఫోటో తర్వాత పంపుతాను.

మీ
నీలవ్వ


షార్జా,
12 జూన్ 1998.

ప్రియమైన నీలకు,

భాగ్యవ్వ మాట విని నా కడుపు నిండింది. ఆమెను అడిగానని చెప్పు.

కానీ నువ్వు చేసిన పనేమిటి? అంతా కొలిచి అసలు చోటు వదిలేశావు. ముళ్ళకంప ఉంటే కొడవలి లేదా? నలభై ఇరవై ఆరైంది, ఇరవై ఆరు పద్దెనిమిదైంది. అంటే కింద ఎవడో గట్టిగా నొక్కాడన్నమాట. కింద గొంతు పిసికితే నీళ్ళు వెనక్కి తన్నుతాయి. ముందు మునిగేది భీమవ్వ ఇల్లు, ఆ తర్వాత మన వాడ.

ఎవడు వాడు? ఏం కట్టాడు అక్కడ? ఎంత పెద్దవాడైనా సరే పేరు రాయి. మెంబరువి, నీకు భయమెందుకు? వానలు ముదరకముందే గునపాలు పెట్టి తీయించు. ఊరి గొంతు మీద కాలేసినవాడికి మర్యాదేంటి?

షట్టర్ల సంగతి కూడా రాయలేదు.

నీ
గంగాధర్


ఆర్మూర్,
5 జూలై 1998.

ప్రియమైన మీకు,

అందరం క్షేమం. మమత ఏడో తరగతికి వచ్చింది, ఇంగ్లీషు సారు మంచివాడు. అత్తమ్మ మోకాళ్ళ నొప్పికి నిజామాబాద్ తీసుకుపోయి చూపించాను. వానలు ఇంకా సరిగా పడలేదు.

నేను నింపి ఇచ్చిన ఫారం వాపసు వచ్చింది. నాలుగు ప్రతులు ఇవ్వాలట. పైగా పదకొండో గడి ఖాళీగా ఉందట. "నీటి ప్రవాహమునకు గల అడ్డంకులు" అన్న గడి. ఒకటి నింపడానికే ప్రాణం పోయింది, ఇక నాలుగు!

ఈసారికి ఇంతే. తల నొస్తున్నది.

మీ
నీలవ్వ


షార్జా,
24 జూలై 1998.

నీలా,

మూడు పేజీలు పట్టే కాగితం మీద పది వరుసలు రాశావు. నేను అడిగిన ఒక్క మాటకు జవాబు లేదు. ఇంగ్లీషు సారు మంచివాడైతే నాకేంటి? ఎంకటికి రాస్తే వాడూ ఉలకడు పలకడు. మీ ఇద్దరూ కలిసి ఎవరిని కాపాడుతున్నారు? ఎవడైనా నిన్ను బెదిరించాడా? కల్వర్టు దగ్గర ఒర్రె వెడల్పు ఎంత? అంకె రాయి, చాలు.

గంగాధర్


ఆర్మూర్,
30 ఆగస్టు 1998.

ప్రియమైన మీకు,

మూడు అడుగులు.

మే నెలలోనే కొలిచాను. ముళ్ళకంప లేదు, ఏమీ లేదు. అక్కడ ఉన్నవి మన మడిగెలు. కింద రెండు గోడల నడుమ మూడడుగుల సందు వదిలి, దాని మీద స్లాబు వేశాడు ఎంకటి. టేపు పట్టుకున్న మమత "అమ్మా, ఇది మనదే కదా" అన్నది. నోరు మూసుకోమన్నాను. ఆ పిల్లను ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మీకు ఎట్లా రాయను? ప్రతి ఉత్తరంలో షట్టర్లు, ఆకుపచ్చ రంగు, ఇంకొక్క ఏడాది. ఆ గదులుంటేనే మీరు ఇంటికి వచ్చేది. ఈ ఏడాది వానలు అంతంత మాత్రమే, మీరు వచ్చాక చూసుకుందాం అనుకున్నాను. ఎవడు వాడు అని మీరు అడిగిన ప్రతిసారీ చచ్చినంత పనైంది.

ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం గుట్ట మీద కుండపోత. గంటలో ఒర్రె నిండింది. నీళ్ళు మీరు చెప్పినట్టే వెనక్కి తన్నాయి. భీమవ్వ ఇంటి మట్టిగోడ ఆమె మీదే కూలింది. దేవన్న, నేను నడుముల్లోతు నీళ్ళలో పోయి బయటికి లాగాం. కాలు విరిగింది. దవాఖానలో ఆమె మంచం పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని "గీ వయసుల నీళ్ళల్లకెళ్ళి ఎత్తుకొచ్చినవు బిడ్డా, నీ కడుపు సల్లగుండ" అన్నది. ఆ దీవెన మింగలేకపోయాను.

ఇరవై అయిదున గ్రామసభ. అందరూ ఆఫీసును తిట్టారు, దేవుణ్ణి తిట్టారు. సారు మళ్ళీ అభిప్రాయాలు చెప్పమన్నాడు. నేను లేచి, పదకొండో గడిలో రాసుకోండి, అడ్డంకి మా మడిగెలు, అన్నాను. ఎంకటి అందరి ముందే లేచి "వదినా, అన్న పదకొండేండ్లు ఇసుక దిన్నడు. గా మడిగెలు అన్న ఒంట్ల నెత్తురు. నీకు మనసెట్లొచ్చింది?" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అయినా ఇరవై ఏడున దేవన్నతో ఒక మడిగె తీయించాను. రోడ్డు వైపుది. ఇప్పుడు ఒర్రె అక్కడ పన్నెండు అడుగులు. రెండోది మీ దుకాణానికి ఉంచాను.

మిమ్మల్ని అడగలేదు. అడిగితే వద్దంటారని కాదు. సరే అంటారేమోనని, ఆ సరే అనడానికి మీకెంత కష్టమవుతుందో అని. మీరు ఏమన్నా పడతాను.

మీ
నీలవ్వ


షార్జా,
9 అక్టోబరు 1998.

ప్రియమైన నీలకు,

నీ ఉత్తరం వచ్చి నెల కావస్తున్నది. మూడుసార్లు రాసి చింపేశాను. మొదటిది నిన్ను తిడుతూ, రెండోది ఎంకటిని తిడుతూ. మూడోది సగంలోనే చింపేశాను.

రెండేళ్ళ కింద ఎంకటి నాకొక ఉత్తరం రాశాడు. "అన్నా, మన జాగల సగం ఒర్రెలకు పోతున్నది, గింత వెనుకకు జరుపుదమా? అట్లైతే ఒక్క మడిగెనే వస్తది" అని. నేనేం జవాబు రాశానో ఇప్పుడు గుర్తొచ్చింది. చుక్క నీళ్ళు లేని ఒర్రెకు ఫికరెందుకురా, సందు వదిలి పునాది వేయి, నాకు రెండు కావాలి, అని రాశాను. రాసి మరిచిపోయాను. వాడు మరువలేదు. సభలో అంతమంది ముందు ఏడ్చాడు గానీ ఆ ఉత్తరం తీసి చూపలేదు, నీకు కూడా చెప్పలేదు. వాణ్ణి ఏమీ అనకు.

ఎవడు వాడని నిన్ను మూడు నెలలు వేధించాను. వాణ్ణి నేనే.

ఈ ఊళ్ళో ఎవరివో వీధులు మునగకుండా రోజంతా పైపులు పరుస్తాను. వంపు వేలెడు తప్పితే ఫోర్‌మన్ నా చేత మళ్ళీ తవ్విస్తాడు. మన ఊరి దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకున్నాను.

ఇప్పుడు నీ మీద కోపం ఒకటే. పని సగం చేశావు. భీమవ్వ దగ్గర పద్దెనిమిది అడుగులున్న ఒర్రెకు కింద పన్నెండు ఎట్లా సరిపోతుంది? నీకు లెక్కలు రావా, లేక నా ముఖం చూసి తగ్గించావా? వచ్చే ఏడు వానకు మళ్ళీ వెనక్కి తన్నుతుంది. రెండో మడిగె కూడా తీయించు. సభలో నిలబడి అంత మాట అన్నదానివి, నా కోసం ఆరడుగులు దాచిపెట్టకు.

నేను మార్చిలో వస్తున్నాను. కంపెనీకి చెప్పేశాను. తాపీ పట్టడం మరిచిపోలేదు, దేవన్నతో కలిసి పనికి పోతాను. ఆఫీసు వాళ్ళు ఎప్పటికైనా ఒర్రెకు గట్టు గోడలు కడితే, ఆ పనీ మేమే అడుగుదాం.

ఈ ఉత్తరం మా గదిలో ఉండే కమ్మర్‌పల్లి లింగం చేత పంపుతున్నాను, సెలవు మీద వస్తున్నాడు. అందిన రోజే దేవన్నను పిలువు. పలుగులతో గుద్దవద్దను, ఇటుకలు పగలకుండా ఒక్కొక్కటే తీయమను. భీమవ్వ దవాఖాన నుంచి వచ్చేసరికి ఆమె గోడకు అవి సరిపోతాయి. మట్టితో కాదు, సిమెంటుతో కట్టించు. నేను వచ్చేదాకా ఆగకు.

నీ
గంగాధర్